అందం సరే, వెచ్చదనం ఎంత?

బ్రిటన్‌లో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు నలుగురు ఒకచోట చేరితే, వడ్డీ రేట్లు, పిల్లల బడుల తర్వాత వచ్చే మాట రేడియేటర్లదే. గోడకు తగిలించిన తెల్ల రేకు పలకలు పీకించేసి, వాటి చోట పాతకాలం నాటి నిలువు గొట్టాలవి పెట్టించాలని చాలామందికి మనసు. వాటినే కాలమ్ రేడియేటర్లు అంటారు. మేమూ పెట్టించాం, ఇంటి మొత్తానికి కాదు, కింది అంతస్తులో మాత్రం. బాగున్నాయి. అయితే అవి ఎందుకు బాగున్నాయో, కొనేముందు ఏ లెక్క చూసుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. అమ్మేవాళ్లు రంగులు చూపిస్తారు, ఇత్తడి పిడులు చూపిస్తారు, వాట్ల సంగతి మనం అడిగితే తప్ప ఎత్తరు. నేను ఆసుపత్రిలో ఫార్మసిస్టును. డోసు ఎంతో తెలియకుండా మందు చేతికివ్వడం మా వృత్తిలో లేదు. ఆ అలవాటే ఇక్కడా పనికొచ్చింది.

మాది విశాఖపట్నం. అక్కడ జనవరిలో ఫ్యాన్ కట్టేస్తే అదే చలికాలం. ఇప్పుడు ఉంటున్నది ఇంగ్లండ్ తూర్పు తీరంలో, హంబర్ నది ఒడ్డున ఉన్న హల్ అనే రేవు పట్టణం. ఇక్కడ చలి డిగ్రీల్లో చెబితే పెద్దగా భయపెట్టదు. మంచు కురిసేది తక్కువే. కానీ ఉత్తర సముద్రం మీంచి తేమతో వచ్చే గాలి కిటికీ సందుల్లోంచి, నేల చెక్కల మధ్య నుంచి, ఎప్పుడో ఆరిపోయిన పొయ్యిల పొగగొట్టాల్లోంచి దూరి వస్తుంది. మా ఇల్లు 1890ల నాటిది. గోడలు తొమ్మిదంగుళాల ఇటుక కట్టుబడి, మధ్యలో ఖాళీ గానీ, దూది లాంటిది గానీ లేదు. పైకప్పు ఎత్తు, ముందు గదికి వంపు తిరిగిన పెద్ద కిటికీ. చూడ్డానికి రాజసంగా ఉంటుంది, చలికాలంలో మాత్రం గ్యాసు బిల్లు తినేస్తుంది.

మన ఊళ్ల ఇళ్లలో ఈ ఏర్పాటు లేదు కాబట్టి ముందు పద్ధతి చెబుతాను. వంటగది గోడకు గ్యాసు బాయిలర్ ఉంటుంది. అది నీళ్లు కాస్తుంది. చిన్న పంపు ఆ నీళ్లను నేల చెక్కల కింద వేసిన రాగి గొట్టాల్లో ఇల్లంతా తిప్పుతుంది. ప్రతి గదిలోనూ రేడియేటర్‌కు ఒక పక్క నుంచి వేడినీళ్లు ఎక్కుతాయి, రెండో పక్క నుంచి కాస్త చల్లబడి దిగిపోయి, మళ్లీ బాయిలర్ చేరతాయి. ఏళ్ల తరబడి తిరిగేవి అవే నీళ్లు. స్నానానికి కుళాయిలో వచ్చే నీళ్లు వేరు. ఒక పక్కన 1 నుంచి 5 దాకా అంకెలున్న వాల్వు ఉంటుంది, గది వెచ్చబడితే అదే నీళ్లు తగ్గించుకుంటుంది. డెన్మార్క్‌లో డాన్‌ఫాస్ కంపెనీ పెట్టిన మాడ్స్ క్లాసెన్ 1943లో కనిపెట్టిన వస్తువది. రెండో పక్కన మూత పెట్టిన వాల్వు ఉంటుంది. దాన్ని ప్లంబర్ తప్ప ఎవరూ తిప్పకూడదు, దాని కథ తర్వాత చెబుతాను. ఢిల్లీలో ఉండే మన బంధువులు చలికాలం ప్లగ్గులో పెట్టుకునే ఆయిల్ రేడియేటర్ రూపానికి వీటికి చుట్టమే గానీ, దానికి బాయిలరూ గొట్టాలూ ఉండవు. కరెంటే అన్నీ.

పాత ఇల్లు కాబట్టి పాతకాలం రేడియేటర్లే దానికి సహజం అనుకుంటారు చాలామంది. నిజానికి మా ఇల్లు కట్టినప్పుడు అందులో ఏ రేడియేటరూ లేదు. గదికో బొగ్గు పొయ్యి ఉండేది, అంతే. పోత ఇనుము కాలమ్ రేడియేటర్లు అప్పట్లో బడులకు, ప్రార్థనా మందిరాలకు, ఆసుపత్రులకు, జమీందారీ భవనాలకు పెట్టేవారు. సామాన్యుల ఇళ్లకు బాయిలర్లు వచ్చింది చాలా తర్వాత. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మేసిన పొగమంచు వేల ప్రాణాలు తీశాక, 1956లో గాలి కాలుష్యం మీద చట్టం చేశారు. పట్టణాల్లో బొగ్గు పొయ్యిల రోజులు అప్పుడు దగ్గరపడ్డాయి. 1965లో ఉత్తర సముద్రంలో గ్యాసు దొరికింది. 1967లో ఆ గ్యాసు మొదటిసారి నేలకు చేరింది మా హల్‌కు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఈసింగ్టన్ అనే పల్లె దగ్గర. తర్వాత పదేళ్లలో దేశమంతా ఆ గ్యాసుకు మారింది. ఇంటింటికీ బాయిలర్ వచ్చింది, దాంతోపాటే చవగ్గా అచ్చుకొట్టిన ఉక్కు రేకు పలకలూ గోడలెక్కాయి. అంటే మనం ఇప్పుడు 'పాతకాలపు అందం' అని పెట్టించుకునేది మన వీధి ఇళ్లకు ఎప్పుడూ లేని అందం. ఆ మాట తెలుసుకుని పెట్టించుకుంటే తప్పేం లేదు.

వీటి పుట్టుక మాత్రం ఇంకా పాతది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇనుప సామాన్ల కార్ఖానా నడిపిన ఫ్రాంజ్ సాన్ గల్లి 1850లలో తయారుచేసిన దాన్ని ఇంటి రేడియేటర్లకు ఆద్యంగా చెబుతారు. రష్యాలోని సమారా పట్టణంలో రేడియేటర్‌కు స్మారక శిల్పమే ఉంది. కిటికీ అరుగు మీద పిల్లి పడుకుని ఉంటుంది, దాని కింద రేడియేటర్. చలి దేశాల పిల్లులకు ఆ చోటు విలువ బాగా తెలుసు. అమెరికాలో 1870లలో నెల్సన్ బండీ పోత ఇనుముతో చేసినవి బాగా అమ్ముడుపోయాయి. 1890లలో అక్కడి కంపెనీలు కలిసిపోయి అమెరికన్ రేడియేటర్ కంపెనీ అయింది. న్యూయార్క్‌లో 1924లో రేమండ్ హుడ్ గీసిన నమూనాతో నల్ల ఇటుకతో, బంగారు కొనలతో కట్టిన మేడ ఆ కంపెనీదే. దాని బ్రిటిష్ శాఖ నేషనల్ రేడియేటర్ కంపెనీ 1906 నుంచి మా హల్‌లోనే ఉండేది. నేషనల్ అవెన్యూ వీధిలో ఆ కార్ఖానా పేరు మార్చుకుని ఇప్పటికీ నడుస్తోంది. ఇప్పుడు అక్కడ తయారయ్యేవి బాయిలర్లు, హీట్ పంపులు. మా ప్లంబర్ వాళ్ల తాత ఆ పోతగదిలో పనిచేశాడట. పోత ఇనుము మాట ఎత్తితే చాలు, చేతిలో పని ఆపేసి మొదలుపెడతాడు.

ఇక అసలు సంగతి, లెక్క.

రేకు పలకల రేడియేటర్లను టైప్ 11, 21, 22 అంటారు. మొదటి అంకె ఎన్ని పలకలో చెబుతుంది, రెండోది వాటి వెనక అతికించిన ముడతల రేకులు ఎన్నో చెబుతుంది. ఆ ముడతల మధ్య గాలి వేడెక్కి పైకి లేస్తుంది. గది వెచ్చబడటంలో పెద్ద వాటా ఆ గాలిదే. కాలమ్ రేడియేటర్‌లో ముడతల రేకులుండవు, గొట్టాలే ఉంటాయి. గోడ నుంచి గదిలోకి ఒకదాని వెనక ఒకటి రెండు గొట్టాలుంటే రెండు కాలమ్‌లది, మూడుంటే మూడు, నాలుగుంటే నాలుగు. అలాంటి వరుసను సెక్షన్ అంటారు. సెక్షన్లు పక్కపక్కన ఎన్ని కలిపితే అంత పొడవు, అంత వేడి.

మా ముందు గది ఘనపరిమాణం 50 ఘనపు మీటర్లు. పాత, చలి దూరే ఇళ్లకు ఇక్కడి ప్లంబర్లు ఘనపు మీటరుకు 50 వాట్లు వేసుకుని పైపైన అంచనా కడతారు. అంటే 2,500 వాట్లు. గోడలు, కిటికీలు, నేల విడివిడిగా కొలిచి, బయట సున్నాకు కిందికి పోయిన రోజున లోపల 21 డిగ్రీలు ఉండాలని లెక్క కడితే 2,200 దగ్గర తేలింది. మరి ఆ గదిలో ఉన్నది? టైప్ 11, పొడవు 1,200 మిల్లీమీటర్లు, ఎత్తు 600. దాని శక్తి సుమారు 1,200 వాట్లు. కావలసినదాంట్లో సగం. ఆ పైన దాని మీదికి జారే పరదా, ముందు సోఫా. గది వెచ్చబడలేదని బాయిలర్‌ను తిట్టుకున్నామే గానీ, పాపం దానిదేం తప్పు లేదు.

ఈ కొలతలతో ఒక షోరూముకు వెళ్లాం. అక్కడి కుర్రాడు చాలా మర్యాదస్తుడు. "పాతదాని పొడవే తీసుకోండి మేడమ్, సరిపోతుంది" అని రెండు కాలమ్‌ల సన్నటిది చూపించాడు. చక్కగా ఉంది. కానీ 600 ఎత్తులో రెండు కాలమ్‌లది సెక్షన్‌కు 50 వాట్ల పైచిలుకు మాత్రమే ఇస్తుంది. ఆ పొడవుకు లెక్కేస్తే మళ్లీ 1,300 దగ్గరే ఆగుతుంది. డబ్బు మూడు నాలుగు రెట్లు పోసి అదే చలి కొనుక్కున్నట్టు. మూడు కాలమ్‌లదైతే సెక్షన్‌కు 75 వాట్లు, నాలుగు కాలమ్‌లదైతే 95 పైన. తయారీదారును బట్టి అటూఇటూ ఉంటుంది. మేము నాలుగు కాలమ్‌లది, 24 సెక్షన్లది తీసుకున్నాం. 2,300 వాట్లు వచ్చింది. పాతదాని పొడవులోనే టైప్ 22 రేకు పలక కొన్నా 2,000 పైచిలుకు వచ్చేది, అదీ వంద పౌండ్ల పైన కాస్త ఖర్చుతో. కాబట్టి కాలమ్ రేడియేటర్ ఎక్కువ వేడి ఇస్తుందన్న మాట పూర్తిగా నమ్మొద్దు. లోతుగా ఉన్నది ఇస్తుంది, సన్నటిది ఇవ్వదు.

ఇంకో చోట మోసపోయే వీలుంది. ఏ రేడియేటర్‌కైనా వాట్లు అనేది దానికదే ఉండే గుణం కాదు. లోపలి నీళ్ల వేడికీ గది వేడికీ మధ్య ఎంత తేడా ఉందో దాన్ని బట్టి మారుతుంది. యూరప్ ప్రమాణం ఇఎన్ 442 ప్రకారం నీళ్లు 75 డిగ్రీలతో ఎక్కి 65తో దిగాలి, గది 20 ఉండాలి. సగటు 70, గది 20, తేడా 50. కేటలాగులో దీన్ని డెల్టా టి 50 అని వేస్తారు. కొందరు వ్యాపారులు డెల్టా టి 60 అంకె వేస్తారు. అదే రేడియేటర్ కాగితం మీద పావు వంతుకు పైగా ఎక్కువ శక్తిమంతం అయిపోతుంది. ఇంకొందరు వాట్లు మానేసి బీటీయూల్లో చెబుతారు. ఒక వాటు అంటే గంటకు 3.41 బీటీయూలు, కాబట్టి మా 2,300 కాస్తా 7,800 దాటిపోయి వినడానికి ఘనంగా ఉంటుంది. రెండు దుకాణాల ధరలు పోల్చేటప్పుడు డెల్టా టి ఎంతో, అంకె వాట్లదో కాదో చూసుకోకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

తేడా 30కి పడిపోతే? శక్తి సగానికి దిగిపోతుంది. ఇదేదో పుస్తకాల లెక్క అనుకోకండి, రాబోయే రోజుల లెక్క ఇదే. హీట్ పంపులు చాలావరకు నీళ్లను 70 డిగ్రీలకు కాయవు, 45, 50 దగ్గరే హాయిగా పనిచేస్తాయి. ఇప్పటి గ్యాసు బాయిలర్లు కూడా తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే పొగలోని ఆవిరిని నీరుగా మార్చి, అందులో పోయే వేడిని వెనక్కి రాబట్టుకుంటాయి. ఇంగ్లండ్‌లో 2022 జూన్ నుంచి నిబంధన కూడా వచ్చింది. ఇంటి వేడి వ్యవస్థ మొత్తం కొత్తగా వేసినా, పూర్తిగా మార్చినా, నీళ్లు 55 డిగ్రీలు మించకుండానే గదులు వెచ్చబడేలా రేడియేటర్లు ఎంచుకోవాలి. ఆ వేడికి మా ముందు గది రేడియేటర్ ఇచ్చేది 1,200 వాట్లే. అందుకని రేడియేటర్ కంటే ముందు మేము చేయించిన పని వేరే ఉంది. నేల చెక్కలు లేపించి కింద ఉన్ని పొర పరిపించాం. వాడని పొగగొట్టంలో గాలి బుడగ లాంటిది దూర్చి మూయించాం, ఇక్కడ అందుకోసమే అమ్ముతారు. కిటికీ సందులకు బ్రష్షు పట్టీలు వేయించాం. అతిథులు వచ్చి మెచ్చుకునే పనులు కావు ఇవి. కానీ పెట్టిన పౌండుకు వచ్చిన వెచ్చదనంలో రేడియేటర్లు వీటి దరిదాపులకు కూడా రావు.

కాలమ్ రేడియేటర్లు ఇప్పుడు రెండు రకాలు. ఒకటి ఉక్కు గొట్టాలు అతికించి చేసేది. 1930లో స్విట్జర్లాండ్‌లోని ట్సేండర్ కంపెనీ ఈ పద్ధతికి దారి తీసింది. తేలిక, సన్నం, త్వరగా వేడెక్కుతుంది. రెండోది అసలు సిసలు పోత ఇనుము. దాని తీరు దోసెల పెనం తీరే. వేడెక్కడానికి తాత్సారం చేస్తుంది, ఎక్కాక త్వరగా దిగదు. చాలామంది దీన్ని గొప్పగుణంగా చెప్పుకుంటారు గానీ, అది ఇంట్లో మనుషులు ఎప్పుడుంటారో దాన్ని బట్టి. ఉదయం ఏడింటికి గంటసేపు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా బాయిలర్ వేసుకునే ఉద్యోగస్తుల ఇంట్లో పోత ఇనుము దండగ. మీరు బయల్దేరే వేళకు అది వేడెక్కుతుంది, మీరు వెళ్లాక మనుషులు లేని గదికి వేడి పంచుతుంది. అందుకే మా ముందు గదికి ఉక్కుది తీసుకున్నాం.

వెనక గది సంగతి వేరు. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటి నుంచే చేస్తారు, రోజంతా ఆ గదిలోనే కూర్చుంటారు. అక్కడ వేడి నిలకడగా ఉండాలి. దానికి మాత్రం పాత సామాన్ల యార్డులో దొరికిన పోత ఇనుముది పెట్టించాం. ఏదో బడి కూల్చినప్పుడు తెచ్చిందట, పది సెక్షన్లది, వంద కిలోల దాకా ఉంటుంది. ఇలాంటిది కొనాలంటే చూసుకోవలసినవి ఉన్నాయి. పాత పెయింటులో సీసం ఉంటుంది, ఇంట్లో గీకకూడదు, యార్డులోనే చిన్న గుళ్లతో కొట్టించి శుభ్రం చేయించాలి. నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి కొన్ని గంటలు ఉంచి, సెక్షన్ల అతుకుల్లో చెమ్మ రాదని చూపించమని అడగాలి. చూపించనంటే ఇంకో యార్డు చూసుకోవడమే. గోడకు వేలాడదీయడానికి వీల్లేదు, కాళ్ల మీదే నిలబడాలి, పడిపోకుండా వెనక గోడకు పట్టీ వేయాలి. చెక్క నేలైతే కింద దూలం ఎటు పోతోందో చూసి, కాళ్లు దాని మీద పడేలా పెట్టాలి. పాత బెజ్జాలు పెద్దవి కాబట్టి నేటి వాల్వులు పట్టడానికి బుష్షులు వేయాలి. ఇవన్నీ చేశాక ఆ యార్డు సరుకు కొత్త ఉక్కుదాని కంటే చవకేం కాదు.

అత్తయ్యగారు వచ్చినప్పుడు ఆ గదిని ఇంకోలా వాడారు. బాయిలర్ ఆగిపోయాక కూడా ఆ ఇనుము చాలాసేపు గోరువెచ్చగా ఉంటుందని రెండు రోజుల్లో పసిగట్టి, రాత్రి పాలు తోడుపెట్టి దాని పక్కన స్టూలు మీద పెట్టడం మొదలుపెట్టారు. ఇడ్లీ పిండి కూడా అక్కడే పొంగేది. "అమ్మాయ్, నువ్వు కొన్న వాటిల్లో పనికొచ్చేది ఇదొక్కటే" అని తేల్చేశారు. చలి దేశాల్లో పెరుగు తోడుకోక, పిండి పులియక అవస్థ పడే తెలుగు ఇల్లాళ్లకు ఆ తీర్పు అర్థమవుతుంది. తడి బట్టలు మాత్రం రేడియేటర్ల మీద నేను ఆరేయనివ్వలేదు. బట్ట కప్పితే గదికి వేడి రాదు, ఆ తడంతా చల్లటి గోడకు పట్టి బూజుగా తేలుతుంది. పాత ఇళ్లలో బూజుకు ఇది పెద్ద కారణం.

బిగించే రోజు గురించి కొంత. పాతది తీసి కొత్తది పెట్టడం గంట పని అనిపిస్తుంది. కాదు. రేకు పలక గోడకు అంటుకుని ఉంటుంది, నాలుగు కాలమ్‌లది దాదాపు 140 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. కాబట్టి నేలలోంచి వచ్చే గొట్టాలు గోడ నుంచి ముందుకు జరగాలి. పొడవు కూడా సెక్షన్‌కు నాలుగున్నర సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది గనక పాత గొట్టాల మధ్య దూరానికి అచ్చుగుద్దినట్టు సరిపోయేది దొరకడం అరుదు. చెక్కలు లేపి, రాగి గొట్టం కోసి, కొత్త వంపులు వేయాలి. నేల మీద పాలరాయో టైళ్లో వేసేసిన ఇళ్లలో ఇదే పెద్ద ఖర్చు. కాబట్టి నేల పని చేయించే ఉద్దేశం ఉంటే రేడియేటర్ల పని దానికంటే ముందు పెట్టుకోండి, తర్వాత కాదు.

పాత పలక విప్పినప్పుడు వచ్చే నీళ్లు చూస్తే మా ఊరి వాన కాలవే. నల్లగా, చిక్కగా. లోపలి ఇనుము నీళ్లతో కలిసి ఏళ్ల తరబడి ఊడిన ఆక్సైడ్ అది. అయస్కాంతానికి అతుక్కుంటుంది. అదంతా అడుగున పేరుకోబట్టే పలక పైన వేడిగా, కింద చల్లగా ఉంటుంది. వ్యవస్థ మొత్తం కడిగించకుండా అందులోకి కొత్త రేడియేటర్ పెడితే ఆ బురద దీంట్లోకి వస్తుంది. కడిగాక తుప్పు పట్టకుండా ఇన్‌హిబిటర్ అనే మందు కలుపుతారు. పోత ఇనుముది పెడితే నీళ్లు ఎక్కువ పడతాయి కాబట్టి మందు మోతాదూ పెంచాలి, నీళ్లు వేడికి వ్యాకోచించినప్పుడు సర్దుకునే తొట్టి బాయిలర్‌లో చాలినంత ఉందో లేదో చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బాయిలర్ ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉంటే సరి.

ఆ మూత వాల్వు కథ ఇప్పుడు. నీళ్లు సులువైన దారే వెతుక్కుంటాయి. బాయిలర్‌కు దగ్గరున్న రేడియేటర్లోంచి చుట్టేసి వెనక్కి వచ్చేస్తాయి, దూరపు గది చల్లగా ఉండిపోతుంది. ఆ వాల్వులను ఒక్కొక్కటిగా కొంచెం కొంచెం బిగిస్తూ అన్ని గదులకూ వాటా సమంగా పోయేలా చేయడాన్ని బ్యాలెన్సింగ్ అంటారు. కింద పెద్ద రేడియేటర్లు పెట్టగానే పాత సర్దుబాటు చెదిరిపోతుంది. చాలామంది ప్లంబర్లు గాలి తీసేసి, వేడెక్కిందని చెయ్యి పెట్టి చూసి వెళ్లిపోతారు. మావాడు థర్మామీటర్ క్లిప్పులు పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. కూలి మాట్లాడుకునేటప్పుడే బ్యాలెన్సింగ్ కలిపి మాట్లాడుకోండి.

రంగు విషయంలో అందరూ ఒక మాట అడుగుతారు, నలుపు వేస్తే వేడి ఎక్కువా అని. కాదు. కంటికి నలుపు, తెలుపు తేడాగా కనిపిస్తాయి గానీ, ఆ వేడిలో వెలువడే పరారుణ కిరణాలకు మామూలు పెయింట్లన్నీ దాదాపు ఒకటే. తేడా వచ్చేది లోహపు మెరుపుతోనే. అల్యూమినియం పొడి కలిపిన వెండి రంగు గానీ, క్రోమియం పూత గానీ వేస్తే కిరణాల రూపంలో వచ్చే వేడి తగ్గుతుంది. స్నానాల గదుల్లో తళతళలాడే క్రోమ్ తువ్వాళ్ల రేడియేటర్లు అంత సైజు తెల్లవాటి కంటే తక్కువ వెచ్చబెట్టేది ఇందుకే. మాది ముదురు పచ్చ. మావారికి వెండి రంగు ఇష్టం, నేనే పడనివ్వలేదు.

దుమ్ము సంగతి కొనేముందు ఎవరూ చెప్పరు. గొట్టాల మధ్య చెయ్యి దూరదు, పొడుగాటి బ్రష్షు కావాలి. పాత రోజుల్లో ఆసుపత్రులకు చేసిన రేడియేటర్లకు నగిషీలు ఉండేవి కావు, నున్నగా ఉండేవి. కొన్నింటిని తలుపులా తిప్పి వెనక గోడ తుడుచుకునేలా కీళ్లు కూడా అమర్చేవారు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే పూల నగిషీలున్న పోత ఇనుము జోలికి పోకుండా నున్నటి ఉక్కు గొట్టాలది తీసుకోవడమే నయం.

నా తీర్పు అడిగితే ఇదీ. ఉన్న రేకు పలకలు తుప్పు పట్టకుండా, గదికి చాలినంత వేడి ఇస్తుంటే వాటిని మార్చడం అలంకరణ ఖర్చే, దాంతో గ్యాసు బిల్లు తగ్గదు. గదికి చాలనప్పుడు మాత్రం మార్చండి. చవకగా కావాలంటే టైప్ 22 కొనండి. కంటికీ ఇంపుగా ఉండాలి, డబ్బూ ఉంది అంటే నాలుగు కాలమ్‌ల ఉక్కుది కొనండి. రోజంతా మనుషులుండే గదికి తప్ప పోత ఇనుము వద్దు. మీ పిల్లలు మాంచెస్టర్‌లోనో లీడ్స్‌లోనో పాత ఇల్లు కొని ఫోనులో రేడియేటర్ల ఫొటోలు చూపిస్తే, ఎంత బాగున్నాయో చెప్పే ముందు డెల్టా టి 50 దగ్గర ఎన్ని వాట్లో అడగండి. మా మేడ మీద పడకగదుల్లో పాత తెల్ల రేకు పలకలే ఉన్నాయి. 18 డిగ్రీలకు అవి చాలు. వాటిని మార్చే ఉద్దేశం మాకు లేదు.